కాపరి ఇంటి వాకిలి

చదువవలసిన వాక్యభాగములు: మార్కు 1:29-38, నిర్గమకాండము 18:1-23, 2 రాజులు 4:1-7, 1 తిమోతి 3:1-7.
కంఠస్థ వాక్యము: గలతీయులకు 6:6.



మన ప్రభువు గలిలయ సముద్రతీరమున పరిచర్య మొదలుపెట్టిన దినములలో, ఒక విశ్రాంతిదినమున కపెర్నహూము సమాజమందిరములో బోధించి, అక్కడనుండి తిన్నగా సీమోను ఇంటికి వెళ్లినట్లు మార్కు వ్రాసియున్నాడు. ఆ యింట సీమోను అత్త జ్వరముతో పడియుండెను. ప్రభువు ఆమె చెయ్యిపట్టి లేపగా జ్వరము తగ్గిపోయెను. ఆమె వెంటనే వచ్చినవారి అన్నపానములు చూచుటకు పూనుకొనెను. ప్రొద్దు గ్రుంకిన తరువాత ఊరు ఊరంతయు రోగులను మోసికొని వచ్చి ఆ వాకిట నిలిచెను.

ఈ వృత్తాంతమును స్వస్థతను గూర్చిన పాఠముగా మనము ఎన్నియో పర్యాయములు విని యున్నాము. ఈ నెల దానిని మరియొక వైపునుండి చూతము. ఆ వాకిలి ఎవరిది? చేపలు పట్టి బ్రదుకువాని యింటి వాకిలి. లోపల అప్పుడే జ్వరము విడిచిన ముసలామె యున్నది. సీమోను భార్య కూడ ఉండవలెను గదా. ఆమె పేరు సువార్తలలో ఎక్కడను వ్రాయబడలేదు. అంతమంది వచ్చి వాకిట నిలువగా ఆ రాత్రి ఆ యింటివారు ఎప్పుడు భుజించిరో, ఎప్పుడు నిద్రించిరో మార్కు చెప్పలేదు. తెల్లవారకముందే ప్రభువు లేచి ఏకాంతముగా ప్రార్థించుటకు వెళ్లెను. సీమోను ఆయనను వెదకికొనుచు వెళ్లి, అందరును నిన్ను అడుగుచున్నారని చెప్పెను. చీకటితోనే ఆ యింటి తలుపు మరల ఎవరో తట్టియుందురని ఈ మాటను బట్టి నాకు తోచుచున్నది.

మన నెల్లూరు తీరమున జువ్వలదిన్నె వంటి ఊళ్లలో కాపురమున్నవారికి ఈ దృశ్యమును విడమరచి చెప్పనక్కరలేదు. ఇసుక దిబ్బలు, తాటిచెట్లు, సరుగుడు తోటలు, తీరము పొడుగునను సాగిపోవు బకింగుహాము కాలువ, పడమట బిట్రగుంట రైలు స్టేషను. ఇప్పుడు జువ్వలదిన్నెలో పెద్ద ఫిషింగు హార్బరు కూడ కట్టబడినది. అయినను పోటుపాటులను బట్టియే పడవ కదలును. పడవను బట్టియే పొయ్యి వెలుగును. ఇట్టి ఊళ్లలో సంఘకాపరి ఇంటి వాకిలియు సీమోను వాకిలి వంటిదే. దానికి తలుపు ఉన్నను గడియ యుండదు.

ఒక దినము ఆ వాకిట నిలిచి చూడుడి. కోడి కూయకముందే సముద్రముమీదికి పోవు మనుష్యుడు వచ్చి, "అయ్యగారూ, కొత్త వల దించుతున్నాం, ఒక్క మాట ప్రార్థన చేసి పంపించండి" అనును. అతడు వెళ్లిన కొంతసేపటికి ఒక తల్లి జ్వరముతో కాలుచున్న బిడ్డను భుజమున వేసికొని వచ్చును. కాపరి ప్రార్థన చేయును. చేసి, బిడ్డను కావలి ఆసుపత్రికి తీసికొనిపొమ్మని చెప్పి, ఆటో ఖర్చులకు ఏమైన నున్నదా అని భార్య ముఖము చూచును. ఎండ ఎక్కునప్పటికి రేషను కార్డులో పేరు తప్పుపడినదని ఒకడు, బ్యాంకు కాగితము చదివి చెప్పుమని మరియొకడు. మధ్యాహ్నము భార్యాభర్తల జగడము. ఇద్దరును ఒకేసారి మాటలాడుదురు. తప్పు ఎదుటివారిదేనని ఇద్దరికిని గట్టి నమ్మకము. సాయంకాలము పిల్లల పాటల అభ్యాసము. దీపాలవేళ గృహకూటము. రాత్రి పదిగంటలకు, పొరుగు పాలెములో ముసలాయన ప్రభువునందు నిద్రించెనని కబురు. శవపేటిక ఎవరు చేయింతురు, గోయి ఎక్కడ త్రవ్వింతురు, రేపు రావలసిన బంధువులు ఎవరు అని ప్రతిదానికిని అయ్యగారినే అడుగుదురు.

ఆదివారమున పులిపీఠమునుండి మనము వినునది ఒక గంట ప్రసంగము. మిగిలిన పరిచర్య యంతయు ఈ వాకిటనే జరుగుచున్నది.

ఇక లోపలికి చూతము. అమ్మగారు ఏమి చేయుచున్నది? సంఘపు లెక్కల పుస్తకములో ఆమె పేరిట జీతము లేదు. అయినను స్త్రీల సమాజము ఆమెదే, ఆదివారపు బడి ఆమెదే, ప్రభుభోజనపు పాత్రలు తోముట ఆమెదే. పెండ్లికూతురికి చీర కట్టుటకు ఆమెనే పిలుతురు, ప్రసవవేదనలో నున్నదాని చెయ్యి పట్టుకొని కూర్చుండుటకును ఆమెనే పిలుతురు. ఎవరింట ఏ దుఃఖమున్నదో ఆమెకు తెలియును; తెలిసినది తెలియనట్లు ఉండవలెను. తన దుఃఖము చెప్పుకొనుటకు మాత్రము ఊరిలో ఒక గడప లేదు. ఒక యింట చెప్పుకొన్నయెడల రెండవ యింటివారు, "అమ్మగారికి వాళ్లంటేనే ప్రేమ" అందురు.

పిడికెడు బియ్యపు కానుక మన సంఘములలో ఎంత మంచి ఆచారమో అందరమును ఎరుగుదుము. వంట వండుటకు ముందు ప్రతి తల్లియు ఒక పిడికెడు తీసి వేరుగా ఉంచును. ఆదివారమున అది మందిరమునకు వచ్చును. ఆ బియ్యము వండిన అమ్మగారిని ఎప్పుడైన అడిగితిరా? అందులో పాతబియ్యమున్నది, కొత్తబియ్యమున్నది, రేషను బియ్యమున్నది. నలుబది ఇండ్ల బియ్యము ఒక్క కుండలో సమముగా ఉడకదు. కొంత మెత్తబడి కొంత పలుకుగా నుండును. ఆమె దానిని చేటలో పోసి, చెరిగి, ఏరి, పాతది వేరు కొత్తది వేరు చేయును. చేపల సంగతియు అట్లే. వల నిండిన దినమున అయిదు ఇండ్లవారు ఒకే రకము చేప ఒకే పూట పంపుదురు. తరువాత నాలుగు దినములు ఏమియు ఉండదు. ఆమె ఉప్పు వేసి ఎండబెట్టి దాచును. కానుకను తక్కువ చేయుటకు దీనిని వ్రాయలేదు. కానుక గిన్నెలో పడునంతవరకు మాత్రమే మనము చూచుచున్నాము గనుక వ్రాసితిని.

మన తెలుగు బాప్టిస్టు సంఘముల చరిత్ర చదువువారు ఈ స్త్రీలను కొంచెము వెదకి చూడవలెను. 1840లో శామ్యూలు డే దొరగారు నెల్లూరిలో కాపురముండి పని ప్రారంభించిరి. 1854 జనవరి 1వ తేదీ సూర్యోదయ వేళ ఒంగోలు కొండమీద మోకాళ్లూని ప్రార్థించినవారు అయిదుగురే. వారు జూయెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు అను సహోదరుడు, జూలియా, రూతు. లెక్కించిన యెడల వారిలో ముగ్గురు స్త్రీలు. 1866లో యర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందినప్పుడు ఆయన భార్య నాగమ్మయు పొందెను. పేరయ్యగారు తాళ్లకొండపాడువారు, చర్మముల వ్యాపారము చేసినవారు, చదువుకొన్నవారు కారు. ఆయన పల్లె వెంబడి పల్లె నడిచి సువార్త చెప్పిన సంగతి మన పెద్దలు మరువక చెప్పుదురు. ఆయన ఊళ్లు తిరుగుచున్న దినములలో ఇల్లు నిలిపినది ఎవరు? నాగమ్మ కాక మరెవరు.

ఇప్పుడు నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయము తెరువుడి. ఈ అధ్యాయమును మనము సాధారణముగా సగమునుండి మొదలుపెట్టుదుము. మోషే ఒంటరిగా న్యాయము తీర్చుచుండగా మామయైన యిత్రో చూచి, అలసిపోదువు, పనిని పంచుకొనుమని చెప్పిన భాగము సంఘపెద్దల నియామకములో తరచుగా చదువబడును. మొదటి సగమును విడిచిపెట్టుదుము. అందులో ఏమున్నది? మోషే తన భార్యయైన సిప్పోరాను పుట్టినింటికి పంపియుండెను. యిత్రో ఆమెను, ఆమె ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని అరణ్యములో నున్న అల్లుని యొద్దకు వచ్చెను. మోషే ఎదురువెళ్లి మామకు నమస్కరించి ముద్దుపెట్టుకొని గుడారములోనికి తోడుకొని వెళ్లెను. ఐగుప్తులో దేవుడు చేసినదంతయు చెప్పెను. బలి అర్పించిరి, పెద్దలు వచ్చి భోజనము చేసిరి. మరునాడు ఏమి జరిగెను? తెల్లవారినది మొదలు సాయంకాలము వరకు మోషే ప్రజల మధ్య కూర్చుండెను.

ఎన్ని దినములకో ఇల్లు చేరిన భార్యాబిడ్డలు. వారు వచ్చిన మరునాడే తండ్రి ఉదయము కూర్చుండినవాడు సాయంకాలమునకు గాని లేవలేదు. యిత్రో దీనిని చూచి ఊరకుండలేదు. ఆయన వచ్చినది న్యాయసభలను దిద్దుటకు కాదు. కుమార్తెను కాపురమునకు దింపుటకు వచ్చిన తండ్రి. మన ఇండ్లలో మామగారు వచ్చి అల్లుని కాపురము ఎట్లున్నదో ఒక దినము కూర్చుండి చూచును గదా, అట్లు చూచెను. చూచి, నీవు చేయుచున్న పని మంచిది కాదని చెప్పెను. నీవును నలుగుదువు, నీతోనున్న ఈ ప్రజలును నలుగుదురు అనెను. ఆయన మాటలలో సిప్పోరా పేరు లేదు, పిల్లల పేర్లు లేవు. అయినను ఆ ఆలోచన వెనుక కుమార్తె ముఖము లేదని నేను అనుకొనజాలను.

గనుక పెద్దలు పనిని పంచుకొనుట కాపరి ఇంటికి చేయు మేలు. రాత్రి పదిగంటలకు వచ్చిన మరణవార్తకు ఇద్దరు పరిచారకులు ముందు వెళ్లి, గోయి, పేటిక, బంధువుల సంగతి చూచి, తెల్లవారిన తరువాత కాపరిని పిలిచిన యెడల ఆరాధనకు లోటేమి? రేషను కార్డు కాగితములను చదువుకొన్న మన యౌవనస్థులు వ్రాయలేరా? కాలేజీ ముగించి యింటనున్న పిల్లలు ప్రతి సంఘములోను ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వారమునకు ఒక సాయంకాలము, శుక్రవారము గాని మరే దినము గాని, ఆ వాకిట ఎవరును నిలువకుండ పెద్దలు కట్టడి చేయవచ్చును. ప్రాణము మీదికి వచ్చినది తప్ప మిగిలిన సమస్తమును తెల్లవారువరకు ఆగును.

ఈ వెలుగులో 1 తిమోతి 3వ అధ్యాయము చదువుదము. అధ్యక్షుడు తన యింటిని చక్కగా నడుపువాడై యుండవలెననియు, ఇంటిని నడుపనేరని వాడు దేవుని సంఘమును ఎట్లు చూచుకొనుననియు పౌలు అడుగుచున్నాడు. ఈ మాట పట్టుకొని మనము కాపరి పిల్లలను కొలుచుచున్నాము. అయ్యగారి అబ్బాయి మందిరము వెనుక నిలుచుండి ఫోను చూచెను, అయ్యగారి అమ్మాయి ఫలానా రంగు చీర కట్టెను, ఇదేనా వాక్యము? డీకను కుమారుడు ఆ ఫోనునే చూచుచు ప్రక్కనే నిలిచినను ఎవరును మాటలాడరు.

పౌలు ఆ మాటను ఎవరికి వ్రాసెనో, ఎందుకు వ్రాసెనో చూడుడి. కాపరిని ఏర్పరచుకొను సమయమున చూచుకొనవలసిన గుణములను తిమోతికి తెలియజేయుచున్నాడు. ఇల్లు నడుపు మనుష్యుని ఏర్పరచుకొనుమని చెప్పిన తరువాత, అతడు ఇల్లు నడుపుటకు గంట సమయమైనను మిగల్చక తీసికొను హక్కు మనకు ఎవరిచ్చిరి? అయిదు సాయంకాలములు గృహకూటములకు, ఆరవది జగడములకు, ఏడవది ఆదివారపు సిద్ధపాటుకు పోయిన యెడల కుమారునితో కూర్చుండి బైబిలు చదువు రాత్రి ఏది? సంఘము ఆ రాత్రిని తీసికొని, కుమారుడు బైబిలు చదువలేదని అడుగుట న్యాయము కాదు. మరియు ఆ పిల్లలు ఏమి చూచి పెరుగుచున్నారో ఆలోచింపుడి. తండ్రిని పొగడిన నోళ్లే వెనుక తిట్టుట వారు విందురు. తమ యింటికి రావలసినది మూడు నెలలుగా రాలేదనియు, అమ్మ ఆ సంగతిని నాన్నను అడుగక దాచుచున్నదనియు వారికి తెలియును. పెద్దవారైన తరువాత కొందరు మందిరమునకు దూరమగుటకు కారణము ప్రసంగములలో లేదు. ఆ వంటయింటిలో నున్నది.

అయితే కాపరి ఇంటినుండి మంచి పంటయు వచ్చును. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయములో ఫిలిప్పు కైసరయలో కాపురమున్నట్లు చదువుదుము. కైసరయ సముద్రతీరపు పట్టణమే, ఓడలు వచ్చు రేవు. పౌలును అతని సహవాసులును ఆ యింట అనేక దినములుండిరి. ఫిలిప్పునకు నలుగురు కుమార్తెలు; నలుగురును ప్రవచించువారు. ఫిలిప్పు ప్రయాణములు చేసినవాడే, గాజా మార్గమున రథము వెంబడి పరుగెత్తినవాడే. అయినను తరువాత ఒక ఊరిలో స్థిరపడి, ఒక యింటిని నిలిపి, ఆ నలుగురిని పెంచెను.

ఇక అప్పుల సంగతి. దీనిని గూర్చి మాటలాడుటకు మన సంఘములలో సిగ్గు ఎక్కువ, గనుక నేను కొంచెము ఎక్కువగానే వ్రాయుదును.

ఎలీషా కాలమున ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయెను. అతని భార్య ఎలీషా యొద్దకు వచ్చి మొఱపెట్టినప్పుడు మొదట ఏమి చెప్పినది? తన పెనిమిటి యెహోవాయందు భయభక్తులు గలవాడని నీకు తెలియును గదా అనెను. తరువాత, అప్పులవాడు తన ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొని పోవుటకు వచ్చియున్నాడని చెప్పెను. అతని భక్తి ఎలీషాకు తెలియును. అతని అప్పు ఎలీషాకు తెలియదు. ఈ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన ఉంచి మన కాపరి యింటివైపు చూడుడి. అయ్యగారి ప్రార్థన మనకు తెలియును, ప్రసంగము తెలియును, గొంతు తెలియును. ఎవరి యొద్ద ఎంత బాకీ యున్నాడో మనలో ఎవరికి తెలియును?

మన తీరమున అప్పు ఎట్లు పుట్టునో చెప్పెదను. తూర్పు తీరమంతట ప్రతి సంవత్సరము ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేటకు నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలము గనుక అది మంచి కట్టడయే. ఆ రెండు నెలలు వేటకు పోవు కుటుంబములకు ప్రభుత్వము భృతి ఇచ్చుచున్నది. ఆ కుటుంబములు సంఘములో నున్నప్పుడు కానుకపెట్టె తేలికబడును. కాపరి పడవవాడు కాడు గనుక ఆ జాబితాలో అతని పేరుండదు. సరిగ్గా ఆ నిషేధము తీరునప్పటికి జూను నెలలో బడులు తెరచుకొనును. ఫీజు, పుస్తకములు, బట్టలు, హాస్టలు. పెట్టె తేలికగా నున్న నెలయు, పిల్లల ఖర్చు వచ్చు నెలయు ఒక్కటే. అప్పుడు కాపరి సంఘములోనే కొంచెము కలిగిన ఒక సహోదరుని యొద్దకు పోయి చేబదులు అడుగును. ఆ సహోదరుడు మంచివాడే. "దానికేముంది అయ్యగారూ, మీ దగ్గర వడ్డీ తీసుకుంటానా" అని ఇచ్చును.

మూడు నెలల తరువాత ఆ సహోదరుడే పొరుగువాని గట్టు జరిపెననియో, పనివారి కూలి ఆపెననియో ఊరిలో చెప్పుకొందురు. ఆదివారమున కాపరి యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము తెరువవలెను. తెరువడు, మరియొక భాగము చదువును. అతనిని ఎవరును బెదిరించలేదు, ఎవరును బాకీ అడుగలేదు. అయినను అతని నోరు అమ్ముడుపోయినది. కాపరిని అప్పులో ఉంచు సంఘము తనకు వాక్యము సరిగా వినబడకుండ తానే చేసికొనుచున్నది. ఇది ఆ సహోదరుని తప్పు కాదు, కాపరి ఒక్కని తప్పును కాదు. మార్చి నెలలోనే కూర్చుండి జూనును గూర్చి ఆలోచింపని పెద్దలకు ఇందులో పాలున్నది.

పూర్వము గ్రామబోధకునికి మిషను పక్షమున కొంత, పల్లెవారు ధాన్యరూపముగా కొంత ఇచ్చుచుండిరి. 1876 మొదలు 1878 వరకు పెద్ద కరవు వచ్చినప్పుడు క్లౌ దొరగారు బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమునకు కంట్రాక్టు పుచ్చుకొని ఆకలిగొన్న వేలమందికి కూలి చూపించిరి. బోధకులే ఆ పనివారికి మేస్త్రీలుగా నిలిచిరి. పగలు పని చూచి, విరామమున వారితో కూర్చుండి వాక్యము చెప్పిరి. ఆ కరవు తరువాతనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బోధకుడు ఆ దినములలో ప్రజలు తిన్నదే తినెను, వారితోకూడ కూలి పుచ్చుకొనెను. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘముల సమావేశము ఏర్పడిన తరువాత భారము క్రమక్రమముగా మన భుజములమీదికే వచ్చెను. అది రావలసినదే. తన కాపరిని తాను పోషించుకొను సంఘమునకు కలుగు ధైర్యము పరుల ధనముతో కలుగదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వము పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవవేతనము ప్రకటించినప్పుడు, ఇక మనము ఇయ్యకపోయినను గడచునని కొందరు పెద్దలు అనిరి. పౌలు గలతీయులకు వ్రాసినది ప్రభుత్వమునకు కాదు. వాక్యము నేర్చుకొనువాడే నేర్పువానికి తన మంచి పదార్థములలో భాగమియ్యవలెనని వ్రాసెను.

ఎలీషా ఆ విధవరాలిని ఏమి అడిగెను? నీ యింటిలో ఏమున్నదని అడిగెను. నూనెకుండ ఒక్కటి తప్ప ఏమియు లేదు. నీ యిరుగుపొరుగు వారందరి యొద్దను వట్టి పాత్రలు ఎరువు తెచ్చుకొనుము, కొంచెము కాదు సుమా అనెను. ఆ ఊరివారు నూనె ఇయ్యలేదు, వెండి ఇయ్యలేదు. ఖాళీ పాత్రలు ఇచ్చిరి. ఎన్ని పాత్రలు వచ్చినవో అంతవరకే నూనె వచ్చి నిలిచిపోయెను. పొరుగువారు పది ఇచ్చియుండిన పదింటికే నిలిచిపోవును గదా. నూనె అమ్మి మొదట అప్పు తీర్చుము, మిగిలినదానితో నీవును నీ బిడ్డలును బ్రదుకుడి అని ప్రవక్త చెప్పెను. అప్పు మొదట, బ్రదుకు తరువాత. భక్తిగల గృహమైనంత మాత్రమున అప్పు మాసిపోవునని అతడు చెప్పలేదు.

ఇంతవరకు కాపరి పక్షమున వ్రాసితిని. కాపరులు కూడ ఈ పత్రిక చదువుదురు, గనుక వారికి చెప్పవలసిన మాటయు దాచను. ఏలీ కుమారులు బలిమాంసము ఉడుకుచుండగా మూడు ముండ్ల కొంకి గుచ్చి పైకి వచ్చినదంతయు తీసికొనుచుండిరి. ఏలీ మందలించెను గాని ఆపలేదు. కుమారులను నాకంటె గొప్పచేసితివని దేవుడు అతనిని అడిగెను. కానుకపెట్టె తాళము కాపరి ఇంటి గూటిలో వ్రేలాడుట, మందిరపు స్థలము కుమారుని పేర వ్రాయించుకొనుట, తన తరువాత తన కుమారుడే పులిపీఠమెక్కవలెనని పెద్దలను కూడగట్టుట, ఇవి కొంకి గుచ్చుటయే. సమూయేలు ఎంతటివాడు! అతడును తన కుమారులను న్యాయాధిపతులుగా నియమించెను; వారు లంచములు పుచ్చుకొనిరి; ప్రజలు రాజు కావలెనని అడుగుటకు అదియు ఒక కారణమాయెను. పిలుపు తండ్రినుండి కుమారునికి ఇల్లువలె సంక్రమించునది కాదు. లెక్కల పుస్తకము ఇద్దరు డీకనుల యొద్ద ఉంచి, ప్రతి నెల చదివించువాడు తన నోటిని తానే కాపాడుకొనుచున్నాడు.

ఇంకొక సంగతి కలదు, క్లుప్తముగా చెప్పెదను. యెహెజ్కేలు 24వ అధ్యాయములో ఆ ప్రవక్త ఉదయమున ప్రజలతో మాటలాడెను. సాయంకాలమున అతని భార్య చనిపోయెను. మరునాటి ఉదయమున ఆజ్ఞ ప్రకారము చేసెను. ఏడువకూడదని దేవుడు అతనికి చెప్పినది ఆ కాలపు ప్రజలకు సూచనగా. దానిని మన కాపరులకు నియమముగా చేయుటకు మనకు సెలవు లేదు. అయినను చేయుచున్నాము. 1989 నవంబరులో పెను తుపాను కావలి దగ్గర తీరము దాటిన దినమునను, 2004 డిసెంబరు 26న సునామి నీరు మన పాలెములలోనికి వచ్చిన దినమునను, ఎవరి పైకప్పు పోయినదో ఎవరి మనుష్యులు కానరారో కాపరిని అడుగని వారు లేరు. అతని పైకప్పు సంగతి అడిగినవారు ఎందరు? తల్లి పోయిన వారమునందే పెండ్లి నడిపించిన కాపరులున్నారు. పెండ్లివారు నొచ్చుకొందురని నడిపించిరి. అట్టి సమయమున పొరుగు సంఘపు కాపరిని పిలిపించి, మన కాపరిని పదిదినములు ఇంట ఏడ్వనిచ్చుట పెద్దలకు కష్టమైన పని కాదు. కావలి, అల్లూరు, రామపట్నము ప్రాంతములలో పాస్టర్లు ఒకరికొకరు దూరమున లేరు. ఒక ఫోను చాలును.

ఈ పాఠమును సంఘములో నేర్పువారు నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయమును ఒకే కూటములో మొదటినుండి చివరివరకు చదివింపవలెను; సగమునకు ఆపవలదు. రెండవ రాజుల నాలుగవ అధ్యాయమును స్త్రీల సమాజములో చదివించుట మేలు. కాని అమ్మగారు నడిపించు కూటములో కాదు, ఆమె లేని కూటములో, మరియొక సహోదరి నడిపింపవలెను. పెద్దల సభలో కాపరి జీవనభృతిని గూర్చి మాటలాడునప్పుడు కాపరి వెలుపల ఉండవలెను. సభకు ముందుగా వయసు మళ్లిన సహోదరి ఒకరు అమ్మగారి యొద్దకు పోయి, చేటలో బియ్యము ఏరుటకు ప్రక్కన కూర్చుండి, "ఏమ్మా, ఈ జూనుకు పిల్లల ఫీజులు ఎంతవుతాయి? బయట ఏమైనా బాకీ ఉందా?" అని అడిగి రావలెను. మొదటిసారి, "ఏం లేదవ్వా, దేవుడు నడిపిస్తున్నాడు" అనును. రెండవసారి అడుగవలెను. తెలిసిన మొత్తమును ఆమె ఒక్క కార్యదర్శికి మాత్రమే చెప్పవలెను. మార్చి నెల సభ ముగియకముందే, ఎవరి యొద్ద తెచ్చినదో వారి చేతికి సంఘపు సొమ్మునుండియే తీర్చి, రసీదు పుచ్చుకొని, అయ్యగారి చేతికి ఇయ్యవలెను.